ఏటి అడుగున డోరు నంబరు 2-37

శ్రీయుత చిరునామాల సమన్వయాధికారి గారి సముఖమునకు,
కోనసీమ జిల్లా, అమలాపురం.

అర్జీదారు: పెమ్మాడి గంగబాబు, తండ్రి కీ.శే. నరసింహులు, వృత్తి అర్జీలు రాయుట.
చిరునామా: (ఈ అర్జీ సారాంశమే అది గనుక ఇక్కడ ఖాళీగా విడువడమైనది.)

అయ్యా,

విషయం: నా ఇల్లు గోదావరిలో ఉన్నదని 'ఆచూకీ' అను సాధనము ఏఐ ఏజెంట్లకు చెప్పుచుండుట గురించి, ఆ మాట నిజమే అయినందువలన కలుగుచున్న ఇబ్బంది గురించి, మా అమ్మాయి పురుడు దగ్గరపడినందున, సదరు ఇంటిని ఏట్లోనే ఉంచి నన్ను మాత్రము గట్టు మీదకు చేర్చవలసినదిగా ప్రార్థన.

పై విషయమై తమరికి సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, నేను మండలాఫీసు ఎదుట జెరాక్సు కొట్టు అరుగు మీద బల్ల వేసుకొని అర్జీలు రాసి బ్రతుకుచున్నవాడను. దారి తగాదాలకు, ఆగిన పింఛన్లకు, పొరుగువారి కొబ్బరిచెట్టు మన పెంకుల మీదకు వంగినందుకు, ఇలా లోకులందరి కష్టాలకూ కలము నాది. నా సొంత పేరున రాసుకొనుట మాత్రము ఇదే ప్రథమము. ఇతరుల బాధ రాసేటప్పుడు 'తీవ్ర మనస్తాపమునకు గురియై' అని రాసి పారెయ్యడం చాలా సులువు. నా బాధ రాయబోతే ఆ మాట చాలడం లేదు. కాబట్టి మధ్యమధ్యలో భాష అదుపు తప్పినచో మన్నించగలరు.

1. మా కుటుంబము తరతరాలుగా వైనతేయ పాయలోని గువ్వలలంకలో కాపురముండెడిది. సదరు లంకను గోదావరి కొంచెం కొంచెంగా కోసుకొని తినినది. మొదట పశువులు మేసే బీడు, తరువాత కొబ్బరితోట, ఆ తరువాత బడి, చివరికి మా ఇల్లు. ఇల్లు జారిపోతుందని తెలిసిన రోజున తలుపులూ దూలాలూ ఊడదీసి పడవలకెక్కించి, తూర్పు గట్టు దిగువన పాకలు వేసుకున్నాము. అది జరిగి పుష్కరం దాటినది. ఆ పాకలు ఇప్పుడు రేకుల ఇళ్ళయినవి, ఒకటీ అరా డాబాలు కూడా లేచినవి. దానికి గట్టుపేట అని మేమే పేరు పెట్టుకున్నాము. ప్రభుత్వమువారు ఇంకా ఏ పేరూ పెట్టలేదు. గట్టుపేటలో ఇళ్ళకు నంబర్లు లేవు. 'చిట్టెమ్మగారి ఇల్లు', 'సోడాకొట్టు పక్కది', 'ములగచెట్టు వాళ్ళు' అంటే చాలును. పోస్టుమాన్ గారు ఏనాడూ ఒకరి ఉత్తరము ఇంకొకరికి ఇచ్చి ఎరుగరు. చిట్టెమ్మగారు అనగా మా తల్లి.

2. ఇప్పుడు అన్నిటికీ ఏజెంట్లు వచ్చేశారు. ఏజెంటంటే చంకలో సంచితో ఇంటికొచ్చి కాఫీ తాగి పోయే బీమా ఏజెంటు కాదు, ఫోనులో మాట్లాడే ఏఐ ఏజెంటు. గ్యాసు బండకు ఫోను చేసినా అదే పలుకుతుంది, ఆసుపత్రికి చేసినా అదే పలుకుతుంది. మర్యాదకు లోటు లేదు. ఎవరు నేర్పారో గాని మన గోదావరి మాటే, ముందొక ఆయ్, వెనకొక అండి. అయితే ఈ ఏజెంట్లకు ఎవరి ఇల్లు ఎక్కడున్నదో తెలియదు. వాటి కోసమని ఒక కంపెనీవారు 'ఆచూకీ' అను సాధనము తయారుచేసినారు. ప్రభుత్వమువారు అందరికీ తెరిచిపెట్టిన సమాచారము, అనగా ఇంటి పన్ను జాబితాలు, సర్వే పటాలు, గ్రామాల హద్దులు, అన్నీ కలిపి చూసి ఫలానావారి ఇల్లు ఇదిగో అని ఆచూకీ పటం మీద ఒక చుక్క పెట్టును. ఆ చుక్కను ఏజెంటు నమ్మును. ఏజెంటును డ్రైవరు నమ్మును. డ్రైవరును రోగి నమ్మును. ఇందులో నమ్మకద్రోహము చేసినవారు ఎవ్వరూ లేరని ముందుగానే మనవి చేయుచున్నాను. మంచి ఉద్దేశముతో చేసిన పనే. పక్క ఊళ్ళలో దివ్యముగా పనిచేయుచున్నదని విన్నాను కూడా. వాళ్ళ ఇళ్ళు నేల మీద ఉన్నవి.

3. మా అమ్మాయి వీరదుర్గ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నది. అల్లుడు వేటకు సముద్రం మీద ఉన్నాడు. అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉన్నదనీ, నొప్పులు మొదలవగానే ఆక్సిజనూ నర్సూ ఉన్న బండిలోనే తీసుకురావలెననీ, ఆటోలో కుదేసి తెస్తే తల్లికీ బిడ్డకీ కూడా ముప్పనీ అమలాపురంలో చూపిస్తున్న ఆసుపత్రి డాక్టరమ్మగారు గట్టిగా చెప్పి ఉన్నారు. ఆసుపత్రికి అటువంటి బండి ఉన్నది. ఆ బండిని పిలుచుట ఏజెంటు పని.

పోయిన నెల పరీక్షకు సదరు బండిని పిలిచినాము. అమ్మాయీ, నా భార్య పైడమ్మా, నేనూ గట్టు మీద నిలబడి ఉండగా బండి దూరాన పెద్దరోడ్డు మీద కనబడినది. చేతులు ఊపినాము. డ్రైవరు సాలమోను కూడా కిటికీలోంచి చెయ్యి ఊపినాడు. ఊపుతూనే మా మలుపు దాటి, వంతెనెక్కి, ఏరు దాటి, చాలాసేపటికి మాకు సరిగ్గా ఎదురుగా అవతలి గట్టున రేవులో ప్రత్యక్షమైనాడు. మధ్యన గోదావరి. కారణము ఏమనగా, ఆచూకీ పెట్టిన చుక్క మునిగిపోయిన మా ఇంటి మీద ఉన్నది. ఆ చుక్కకు దగ్గరలో రోడ్డు చేరే చోటు అవతలి రేవు ఒక్కటే.

సాలమోను ఫోను చేసి అన్న మాటలు యథాతథముగా: "బాబాయ్‌గారూ, మీ ఇల్లు నాకు తెలుసండి. మామ్మగారి చేతి పులస పులుసు తిన్నోణ్ణి, నాకు తెలీకపోవడమేంటండి. బండికి తెలీదండి. చుక్క దగ్గరికి ఎల్లకుండా మీవైపు తిప్పేననుకోండి, పిలుపు రద్దయిపోయి బండిని ఇంకో ఊరికి పంపేత్తాదండి."

ఆ పూటకు ఆటోలోనే వెళ్ళి డాక్టరమ్మగారి చేత చివాట్లు తిన్నాము. పరీక్ష గనుక చివాట్లతో పోయినది. ఈ నెలాఖరుకు కాన్పు.

4. అందుమీదట నేనే స్వయముగా ఏజెంటుకు ఫోను చేసి, చుక్క మార్పించుటకు ప్రయత్నించితిని. సంభాషణ ఈ క్రింది విధముగా జరిగినది.

"నా పేరు గంగబాబు. మా ఇల్లు తూర్పు గట్టు మీద ఉంది. బండి అటు పంపాలి."

"ఆయ్, గంగబాబుగారూ, నమస్కారమండి. మీది గువ్వలలంక, డోరు నంబరు 2-37 కదండి."

"ఆ ఇల్లు ఏట్లో ఉంది."

"ఆయ్, ఏటి గట్టున అన్నమాటండి."

"గట్టున కాదు నాయనా, ఏట్లో. నీళ్ళ అడుగున. ప్రస్తుతం అందులో చేపలు కాపరం చేస్తున్నాయి."

"ఆయ్, అర్థమైందండి. కాని ఆ ఇంటికి ఈ ఏడు కూడా పన్ను కట్టేరండి. కిందటేడూ కట్టేరు, అంతకు ముందేడూ కట్టేరు. ఒక్క ఏడు తప్పలేదు. ఇంత నికరమైన చిరునామా అరుదండి. ఏట్లో ఉన్న ఇంటికి పన్ను ఎవరు కడతారండి?"

అయ్యా, ఇంతకాలము అర్జీలు రాసి నోరున్నవాడినని పేరు తెచ్చుకున్నాను. ఈ ప్రశ్న వినగానే ఫోను పెట్టేసినాను. ఎందుకంటే కడుతున్నది మా అమ్మ.

5. లంకల సంగతి ఎరగనివారికి ఇది పిచ్చిగా తోచవచ్చును. గోదావరి తీసుకోవడమే కాదు, ఇస్తుంది కూడా. ఒకచోట కోసిన మన్ను ఇంకొకచోట మేట వేస్తుంది. ఒక్కొక్కప్పుడు కోసినచోటే మళ్ళీ వేస్తుంది. మా తాతగారి రోజుల్లో గువ్వలలంక సగము మునిగి, చాలా ఏళ్ళకు మళ్ళీ తేలినది. మొదట ఇసుక, తరువాత బురద, ఆ తరువాత గడ్డి. గడ్డి మొలిచిన ఏడు, పన్ను రసీదులు ఉన్నవాళ్ళు నాగలి పట్టుకుని లోపలికి నడిచినారు. 'మునిగిన నేలకు పన్నేమిటి, మతి లేదా' అని మానేసినవాళ్ళు గట్టున నిలబడి చూసినారు. తెలివైనవాళ్ళు మతిలేనివాళ్ళయి, మతిలేనివాళ్ళు రైతులయినారు. అప్పటినుంచి మాకు ఇదొక ఆచారము. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, ఇల్లు మునిగినా పన్నుకు తక్కువ చెయ్యము. గట్టుపేటలో ప్రతి ఇల్లూ ఏటి అడుగున ఉన్న తన ఇంటికి ఏటేటా పన్ను కడుతుంది.

పంచాయతీ కార్యదర్శి లక్ష్మీతులసి గారు కొత్తగా వచ్చినప్పుడు, "ఈ ఇళ్ళన్నీ ఎక్కడున్నాయండీ, ఒకసారి చూడాలి" అన్నారు. "ఉన్నాయమ్మా, కాస్త లోతుగా ఉన్నాయి" అన్నది మా అమ్మ. ఆవిడ ఏటి వంక చూశారు, అమ్మ వంక చూశారు, రసీదు రాసి ఇచ్చారు. అంతటి సంస్కారవంతురాలు.

కావున ఆచూకీ చేసినది తప్పని నేను అనజాలను. పన్ను కట్టినచోట ఇల్లుంటుందని అది అనుకున్నది. లోకంలో ఎవరైనా అదే అనుకుంటారు. గట్టుపేటలో పన్ను లేదు గనుక అక్కడ గట్టూ గడ్డీ తప్ప ఏమీ లేదని కూడా అనుకున్నది. పన్ను కట్టే ఇంట్లో మనుషులు లేరు, మనుషులున్న ఇల్లు ప్రభుత్వము లెక్కలో లేదు. ఇదీ మా స్థితి.

6. పర్యవసానముగా కలిగిన చిల్లర ఇబ్బందులు చాలా ఉన్నవి గాని రెంటితో సరిపెట్టెదను. సర్వే చేయు ఒక ఏజెంటు మా ఇంటికి 'నీటి వసతి: పుష్కలం' అని నమోదు చేసుకొన్నది. దీనిని ఖండించలేకపోయినాము. ఇక వరద వచ్చిన ప్రతిసారీ మా అమ్మ ఫోనుకు, 'ఆయ్, మీ ఇల్లు ముంపునకు గురయ్యే ప్రమాదం ఉందండి, విలువైన సామాను పైకి సర్దుకోండి' అని కబురు వచ్చుచున్నది. దానికి నేను నెత్తి కొట్టుకుంటే మా అమ్మ మొహం వెలిగిపోయినది. "మునిగే ప్రమాదం ఉందంటే, ఇప్పుడు తేలి ఉందనేగా అర్థం? ఏరా, వాళ్ళకి మనకన్నా ముందు తెలుస్తాదంటావా?" అని ఆ పూట గట్టెక్కి చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏటి వంక చూసింది.

7. దీనికి పరిష్కారము లేకపోలేదు. ఉన్నందువల్లనే ఈ బాధ. లక్ష్మీతులసి గారు నా మొర విని, కనుక్కుని చెప్పినది ఏమనగా, ఒక కుటుంబమునకు ఒకటే ఇల్లు. 2-37 అను ఇల్లు ఇక లేదు, దానిపై నాకు ఏ హక్కూ వద్దు అని యజమాని సంతకము చేసి ఫారము ఇచ్చినచో, ఆ నంబరు రద్దయి, గట్టుపేట ఇంటికి కొత్త నంబరు వచ్చును. ఆ మరునాడే ఆచూకీ చుక్క గట్టు మీదకు జరుగును. యజమాని పేరు పెమ్మాడి చిట్టెమ్మ.

ఫారము తెచ్చి అమ్మ ముందు పెట్టాను. చదివించుకుని విన్నది.

"ఇల్లు లేదని రాయమంటావా?"

"లేదు కదమ్మా."

"నీకు కనపడకపోతే లేనట్టేనా? నలుగురు బిడ్డల్ని కన్నాను ఆ ఇంట్లో. నిన్ను కూడా అక్కడే కన్నాను. మీ నాన్న ఆ గుమ్మంలోంచే వెళ్ళేడు. లంకలో ఆడోళ్ళందరూ పురిటికి నా దగ్గరికే వచ్చేవోరు, ఆ తూరుపు గదిలోకి. ఏరు పట్టుకెళ్ళింది, ఇచ్చినప్పుడు ఇస్తాది. ఏటికి లేని తొందర నీకేంట్రా?"

"వీరదుర్గకి బండి రావాలమ్మా."

"బండికి దారి తెలీకపోతే బండికి నేర్పండి. బండి కోసం ఇంటిని చంపుకుంటారేంటి ఎవరైనా?"

అయ్యా, అప్పుడు నాకు కోపం వచ్చి అనకూడని మాట అన్నాను. "నీ మునిగిన ఇంటి కోసం నా కూతుర్ని చంపుతావా" అన్నాను. అమ్మ ఫారము మడిచి, రసీదులు పెట్టుకునే సత్తు డబ్బాలో పెట్టి మూత వేసింది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. అన్నం వడ్డిస్తుంది, మజ్జిగ పోస్తుంది, మాట్లాడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ బ్రతికుండగా ఆమె ఇల్లు లేదని రాయించడం నా వల్ల కాదు. రాయించకపోతే నొప్పులొచ్చిన రోజున బండి ఏటి అవతల నిలబడుతుంది, నేను ఇవతల నిలబడతాను. 'తీవ్ర మనస్తాపము' అని రాస్తే సరిపోతుందా ఇది? నాకు భయంగా ఉందండీ. పట్టపగలు, బల్ల ముందు కూర్చుని, పక్కవాడి పింఛను అర్జీ రాస్తూ కూడా భయంగా ఉంటోంది.

8. కావున తమరు దయయుంచి:

(అ) గువ్వలలంక 2-37 ను రద్దు చేయక, ఏట్లో ఉన్నదానిని ఏట్లోనే ఉండనిచ్చి,

(ఆ) ఒక మనిషికి మునిగిన ఇల్లొకటీ, తలదాచుకునే ఇల్లొకటీ ఉండవచ్చునను సంగతి ఆచూకీకి తెలియజేసి, పిలుపు వచ్చినప్పుడు బండిని రెండవదానికి పంపునట్లు ఏర్పాటు గావించి,

(ఇ) అంతవరకు, కనీసము మా అమ్మాయి పురుడు అయ్యేవరకైనా, ఎవరైనా మనిషి ఫోనెత్తి సాలమోనుకు "ఆ గంగబాబు చెప్పినట్టు వెళ్ళవయ్యా" అని ఒక్క మాట చెప్పు ఏర్పాటు చేయవలెనని ప్రార్థన.

విచారణకు తమరు స్వయముగా రాదలచినచో దారి ఆచూకీని అడగవద్దు. తమరిని కూడా అవతలి రేవులో దింపగలదు. గట్టు మీద సోడాకొట్టు దగ్గర ఆగి చిట్టెమ్మగారి ఇల్లంటే చాలును. సోడా కొట్టి ఇచ్చి మరీ చూపిస్తారు.

ఇదంతా తమరు చిత్తగించవలెను. చిత్తగించి ఊరుకొనక, ఏదో ఒక గట్టున పడవేయవలెను.

తమ విధేయుడు,
పెమ్మాడి గంగబాబు
(ప్రభుత్వ రికార్డు ప్రకారము గోదావరిలో, మనిషి మాత్రము తూర్పు గట్టున)

తా.క. పై అర్జీ సంతకం చేసి కవరులో పెట్టాను గాని పంపలేదండి. పంపేలోగానే పని పడిపోయింది. మళ్ళీ మొదటినుంచి రాసే ఓపిక లేదు, అర్జీ భాష అంతకన్నా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

మొన్న పొద్దున్న అమ్మాయి టిఫిను తిని చెయ్యి కడుక్కుంటూ గోడ పట్టుకుంది. డాక్టరమ్మగారు చెప్పిన తేదీ ఇంకా రాలేదు. నేను ఏజెంటుకి ఫోను చేశాను. పైడమ్మని పెద్దరోడ్డు మలుపులోకి పరుగెత్తించాను, అవసరమైతే బండికి అడ్డంగా నిలబడమని. అన్నీ ఆలోచించుకునే ఉన్నాను. ఆ రోజు బండి అమలాపురం నుంచి రాలేదు. జొన్నాడలో ఎవరినో దింపి, మా మలుపు వైపు రాకుండానే, ఎగువన గన్నవరం అక్విడెక్టు మీద ఏరు దాటి సరాసరి అవతలి గట్టుకొచ్చింది. పైడమ్మ మలుపులో నిలబడి లారీలని ఆపుతూనే ఉంది పాపం.

నా ఫోను మోగింది. "ఆయ్, గంగబాబుగారూ, బండి మీ ఇంటికి చేరిందండి. బయటికి రండి."

బయటే ఉన్నాను. ఏటి అవతల తెల్లగా బండి కనపడుతోంది. చుట్టు తిరిగి రమ్మంటే గంట పైమాటే. అప్పుడు నా వెనక నుంచి అమ్మ గొంతు. నాతో మాటలు మానేసిన అమ్మ.

"అలా చూస్తావేంట్రా? కొండలరావుని పిలు. ఏరు దాటడం మనకి కొత్తా?"

కొండలరావు మా పేటలో మోటారు పడవ నడిపేవాడు. అమ్మాయిని నులకమంచంతో సహా పడవలోకి ఎక్కించాం. అందరికన్నా ముందు అమ్మ ఎక్కి కూర్చుంది, చీర కుచ్చిళ్ళు దోపుకుని. అవతల సాలమోను మమ్మల్ని చూశాడు. వాడూ, బండిలో నర్సు సాయిదుర్గా ఆక్సిజను సిలిండరు పట్టుకుని ఎవరిదో వలపడవ ఎక్కి మాకు ఎదురొచ్చారు. ఏటి నడిమధ్య రెండు పడవలూ కలిశాయి. సాయిదుర్గ మా పడవలోకి దూకి అమ్మాయిని చూసి, "ఇంక ఒడ్డు దాకా ఆగదండి. ఇక్కడే" అంది. కొండలరావు ఇంజను ఆపేశాడు. మగవాళ్ళం అటు తిరిగి నిలబడ్డాం.

నాకు వినపడింది మాత్రం చెబుతాను. అమ్మాయి "మామ్మా, భయమేస్తోందే, నన్నింటికి తీసుకుపోవే" అని ఏడుస్తోంది. అమ్మ అవతలి ఒడ్డున అప్పనపల్లి గుడి గోపురం వంక చూసిందట, ఇవతల మా గట్టు మీది జంట తాడిచెట్ల వంక చూసిందట; ఆ రెంటికీ సూటిగా నడుమనే మా ఇల్లుండేది. చూసి, "ఇంట్లోనే ఉన్నావే పిచ్చిదానా. ఇది మన తూరుపు గది. మీ నాన్న పుట్టింది ఇక్కడే. గట్టిగా ముక్కవే" అంది.

పాప పుట్టింది. తల్లీ బిడ్డా కులాసా. ఆసుపత్రిలో డాక్టరమ్మగారు ఈసారి తిట్టలేదు, సాయిదుర్గ భుజం తట్టారు.

ఆ సాయిదుర్గే, పడవలో ఉండగానే, పద్ధతి ప్రకారం తన ఫోనులో ఏజెంటుకి కబురు చెప్పింది, ఆడపిల్ల, ఇంత బరువు, ఇన్ని గంటలకి అని. పుట్టిన చోటు ఎక్కడండీ అని అడిగింది ఏజెంటు. సాయిదుర్గ చుట్టూ చూసి, "ఏటి మధ్యనండి" అంది. ఏజెంటు ఫోను ఉన్న చోటు పట్టుకుని ఆచూకీని అడిగినట్టుంది. "ఆయ్, దొరికిందండి. గువ్వలలంక, 2-37. ఇంట్లోనే కాన్పు అని రాసుకున్నానండి. శుభాకాంక్షలండి" అంది. నవ్వాలో ఏడవాలో తెలియక మేం రెండూ చేశాం.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ సత్తు డబ్బా తెరిచి ఫారం తీసింది. సంతకం చేసి నా చేతిలో పెట్టింది.

"పంపెయ్యరా. ఇంకో పురుడు పోసేను ఆ ఇంట్లో. చాల్లే. రేపు దీనికి జొరమొస్తే బండి గట్టు మీదకి రావాలి, ఏట్లోకి కాదు."

ఆ సంతకం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అర్జీలు రాసేవాడిని, ఎన్ని సంతకాలు పెట్టించి ఉంటాను. ఇలాంటిది చూడలేదు. నేనన్న మాట మనసులో పెట్టుకోకమ్మా అన్నాను. "ఏ మాట?" అంది.

ఫారం పంపాను. పంపిన కాసేపటికే ఏజెంటు ఫోను. అమ్మ కూడా వినాలని స్పీకరు పెట్టాను.

"ఆయ్, గంగబాబుగారూ, మీ దరఖాస్తు అందిందండి. కాని 2-37 రద్దు చెయ్యడం కుదరదండి. ఆ ఇంట్లో మొన్ననే బిడ్డ పుట్టిందండి. మనుషులున్న ఇల్లు లేదని ఎలా రాస్తామండి? పసిబిడ్డ ఉన్న ఇల్లు కదండీ, పాపం."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఆ పిల్లాడెవరో బుద్ధిమంతుడులా ఉన్నాడురా. నువ్వే వినవు" అంది.

కాబట్టి అయ్యా, పైన ఎనిమిదో అంశంలో నా కోరికలు అలాగే ఉన్నాయి, మరి కాస్త గట్టిపడ్డాయి. పాపకి టీకా వచ్చే బుధవారం. టీకా నర్సుగారు మా ఇంటికి, అంటే అవతలి రేవుకి, పొద్దున్నే వస్తారని ఇప్పుడే కబురు వచ్చింది. కొండలరావు పడవ కడిగి పెట్టుకున్నాడు.

ఇంకొక్క సంగతి, దీనికి మాత్రం తమరు వెంటనే జవాబివ్వాలి. ఈ ఏటి నుంచి 2-37 ఇంటి పన్ను పాప పేరున కడతానని అమ్మ పట్టుబట్టి కూర్చుంది. కట్టనివ్వమంటారా?